ఏమి కాదో అయినా చెప్పండి

(అమలాపురంలో చేసిన స్మారకోపన్యాసం, అచ్చు కోసం సవరించిన పాఠం)



మా ఫిజిక్సు మాస్టారి స్మారకసభకు నన్ను పిలిచినప్పుడు నిర్వాహకులు ఒక షరతు పెట్టారు. మాస్టారిని పొగడవద్దు, ఆయన ఉంటే ఏ విషయం ఎత్తుకునేవారో దాన్నే ఎత్తుకోండి అన్నారు. నాకు ఆ షరతు నచ్చింది. ఊళ్ళో ఒక పుకారు లేస్తే మాస్టారు దాన్ని కొట్టిపారేసేవారు కాదు. మర్నాడు ఫిజిక్సు క్లాసులో దాన్నే పాఠంగా చెప్పేవారు. ఎవరు చెప్పారు? వాళ్ళు కళ్ళారా చూశారా, విన్నారా? ఇది నిజమైతే ఇంకా ఏమేమి నిజం కావాలి? ఈ మూడే ఆయన ప్రశ్నలు. మూడో ప్రశ్న దగ్గరికొచ్చేసరికి పుకార్లలో చాలా భాగం రాలిపోయేది. రాలకుండా కొన్ని మిగిలేవి. వాటిని కాగితం మీద రాసుకుని ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగేవారు. ఈ రెండో పని చాలామందికి గుర్తులేదు. నాకు అదే ఎక్కువ గుర్తుంది.

ఈ సాయంత్రం నేను చెప్పబోయేది కారణం చెప్పకుండా మూసేసిన ఒక శాస్త్ర సంస్థ కథ. అది మన ప్రాంతానిది కాదు. కానీ ఆ దారిలో పోతే చివరికి మన కోనసీమలోని పాశర్లపూడికీ, నగరం అనే ఊరికీ చేరతాం.

అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలో సాక్రమెంటో పీక్ అనే కొండ ఉంది. సముద్రమట్టానికి సుమారు 9,200 అడుగుల ఎత్తు. చుట్టూ అడవి. ఆ కొండ మీద సన్‌స్పాట్ అనే చిన్న జనావాసం, అందులో సూర్యుడిని చూసే వేధశాల ఉన్నాయి. అక్కడి డన్ సోలార్ టెలిస్కోప్ 1969 నుంచి ఉంది. దాని నిర్మాణం కాస్త వివరంగా చెబుతాను, ముందు ముందు అవసరం పడుతుంది. బయటికి కనిపించే తెల్లటి గోపురం 136 అడుగులు. భూమిలోకి దిగిన భాగం అంతకన్నా ఎక్కువ, రెండు వందల అడుగుల పైచిలుకు. లోపల గాలి తీసేసిన ఒక పొడవాటి గొట్టం గుండా ఎండ కిందికి దిగుతుంది. గాలి ఉంటే వేడెక్కి కదులుతుంది, బింబం చెదురుతుంది, అందుకని ఆ ఏర్పాటు. గొట్టమూ పరికరాలూ కలిపి సుమారు 250 టన్నుల బరువు గోపురం పైనుంచి వేలాడుతూ, పాదరసం మీద తేలుతూ, సూర్యుడి కదలికకు తగ్గట్టు మెల్లగా తిరుగుతుంది. ఆ పాదరసపు బేరింగును మోస్తున్నవి మూడు బోల్టులు. ఒక్కొక్కటి రెండంగుళాల మందం ఉంటుంది. భౌతికశాస్త్రం చదివిన ఎవరికైనా ఆ మూడు బోల్టుల దగ్గర కాసేపు నిలబడి చూడాలనిపిస్తుంది.

2018 సెప్టెంబరు 6న ఈ వేధశాలను ఉన్నట్టుండి ఖాళీ చేయించారు. పనిచేసేవాళ్ళు తక్కువమందే, వాళ్ళందరినీ కొండ దింపారు. అక్కడ నివాసం ఉంటున్నవాళ్ళనీ పంపేశారు. తపాలా కార్యాలయం కూడా మూశారు. దారికి పసుపు టేపు కట్టారు. ఎఫ్‌బీఐ మనుషులు వచ్చారు. ఆ కౌంటీ షరీఫు, అంటే అక్కడి పోలీసు అధికారి, తమను సాయానికి పిలిచారనీ, వెళ్ళాక మాత్రం విషయం ఏమిటో ఎవరూ చెప్పలేదనీ పత్రికలవాళ్ళతో అన్నాడు. ఒక హెలికాప్టరు వచ్చిందనీ, యాంటెన్నాల మీదా టవర్ల మీదా మనుషులు కనిపించారనీ కూడా చెప్పాడు. అప్పట్లో వేధశాలను నడుపుతున్న విశ్వవిద్యాలయాల సంఘం, ఆరా అని దాని పొట్టిపేరు, భద్రతకు సంబంధించిన సమస్య ఒకటి వచ్చిందని మాత్రమే ప్రకటించింది. ఎవరి భద్రత, దేని నుంచి భద్రత అన్నది చెప్పలేదు. పది రోజులు అలాగే గడిచాయి.

పోలీసు అధికారికే తెలియనప్పుడు జనానికి ఏం తెలుస్తుంది? ఊహలు బయల్దేరాయి. సూర్యుడి మీద ఏదో భయంకరమైన విస్ఫోటం జరిగింది, మనకు తెలియకుండా దాస్తున్నారు అన్నారు కొందరు. గ్రహాంతరవాసుల నౌక టెలిస్కోపుకి చిక్కింది అన్నారు. పరాయి దేశపు గూఢచారులు కొండ మీద యాంటెన్నా పెట్టి కింద ఉన్న సైనిక స్థావరాలను వింటున్నారు అన్నారు. పాదరసం కారిపోయింది అన్నారు. లోకంలో ఇంకెక్కడెక్కడ సూర్యుడిని చూపించే కెమెరాలు ఆగిపోయాయో జాబితా రాసి, అన్నీ ఒకేసారి ఎందుకు ఆగాయి అని అడిగినవాళ్ళూ ఉన్నారు.

ఇక్కడ మాస్టారి మూడో ప్రశ్న వేద్దాం. సూర్యుడికి ఏదో అయిందన్నది నిజమైతే ఇంకా ఏమేమి నిజం కావాలి? సూర్యుడు ఒక కొండకు మాత్రమే కనిపించడు. 2010లో అంతరిక్షంలోకి వెళ్ళిన సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీ కొన్ని సెకన్లకొక చిత్రం తీసి లోకం ముందు పెడుతోంది. మన కొడైకెనాల్ వేధశాల వందేళ్ళకు పైగా సూర్యుడిని చూస్తోంది. ఉదయపూర్‌లో సరస్సు మధ్య ఇంకొక వేధశాల ఉంది. దాచాలంటే వీటన్నిటికీ తాళాలు వెయ్యాలి, లక్షలాది ఔత్సాహికుల దుర్బీనులు లాక్కోవాలి. పైగా 2018 నాటికి సూర్యుడు తన పదకొండేళ్ళ చక్రంలో బాగా ప్రశాంతంగా ఉన్న దశకు దగ్గరపడ్డాడు. కాబట్టి ఆ ఊహ రాలిపోయింది.

మిగిలినవాటి సంగతి ఏమిటి? నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఈ భాగమే. ఆ కొండ మీదినుంచి చూస్తే కింద వైట్ శాండ్స్ క్షిపణి పరీక్షా క్షేత్రం, హాలోమన్ వైమానిక స్థావరం ఉన్నాయి. 1945 జులై 16న ప్రపంచంలో మొదటి అణుబాంబును పేల్చి చూసింది ఆ ప్రాంతపు ఎడారిలోనే. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు అప్పట్లో మందుగుండు గిడ్డంగి పేలిందని చెప్పారు. నిజం హిరోషిమా తరవాతే తెలిసింది. రోజ్‌వెల్ అదే రాష్ట్రంలో ఉంది. 1947లో అక్కడ పడినది మొదట ఎగిరే పళ్ళెం అన్నారు, మర్నాడే వాతావరణ బెలూన్ అన్నారు. అది రహస్య సైనిక ప్రయోగపు బెలూన్ అని ప్రభుత్వం ఒప్పుకోవడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది. ఇప్పుడు చెప్పండి, ఆ నేల మీద పుట్టి పెరిగినవాడు తలుపు మూసి ఉండగా చూసి సైన్యమో గూఢచారులో అనుకుంటే అది వెర్రితనమా? పాదరసం గురించి అనుకున్నవాడిదీ గాలిలో కట్టిన మాట కాదు. టెలిస్కోపు నిజంగానే టన్నులకొద్దీ పాదరసం మీద తేలుతోంది. గ్రహాంతరవాసుల మాటను నేను సమర్థించను. కానీ మిగిలిన రెండు ఊహలూ ఆ ఊరి జ్ఞాపకంలోంచి వచ్చాయి. ప్రతి ఊరూ తనకు ఇంతకుముందు తగిలిన దెబ్బ వైపు నుంచే ఊహిస్తుంది.

నిజం ఎవరూ చూడని వైపు నుంచి వచ్చింది. సెప్టెంబరు 16న ఆరా ఒక ప్రకటన ఇచ్చింది. ఆ ప్రాంగణంలో జరిగిన నేరం మీద దర్యాప్తు నడుస్తోంది, అనుమానితుడి వల్ల సిబ్బందికీ నివాసులకూ ముప్పు ఉండవచ్చని భయపడి ఖాళీ చేయించాం అని చెప్పింది. మర్నాడు వేధశాల తెరిచారు. ఆ వారంలోనే కోర్టు కాగితాలు బయటికొచ్చాయి. పిల్లలపై లైంగిక దుర్మార్గానికి సంబంధించిన చిత్రాల కోసం వేధశాల వైఫై వాడుతున్నారని ఎఫ్‌బీఐ కొన్ని నెలలుగా దర్యాప్తు చేస్తోంది. అనుమానం అక్కడ శుభ్రం చేసే పని చేసే ఒక వ్యక్తి ల్యాప్‌టాప్ మీదికి వెళ్ళింది. సూర్యుడికీ, సైన్యానికీ, పాదరసానికీ ఈ విషయంతో ఏ సంబంధమూ లేదు.

మౌనం కొందరికి ఆందోళన, విసుగు కలిగించిందని తమకు తెలుసనీ, కానీ ముందే చెబితే అనుమానితుడు జాగ్రత్తపడేవాడనీ ఆరా వివరణ ఇచ్చింది. నేను ఈ వాదనలో సగాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. పిల్లలకు సంబంధించిన నేరంలో దర్యాప్తు చెడకుండా చూడటం కన్నా జనం కుతూహలం తీర్చడం గొప్పది కాదు. మిగతా సగం ఒప్పుకోను. నేరం ఏమిటో చెప్పక్కర్లేదు, మనిషి పేరు చెప్పక్కర్లేదు. ఏది కాదో చెప్పవచ్చు కదా? పాదరసం కారలేదు, విషవాయువు లేదు, రేడియేషన్ లేదు, కింది ఊళ్ళ నీటికీ గాలికీ ఏ ముప్పూ లేదు, ఇది పోలీసులు చూసుకుంటున్న వ్యవహారం, పది రోజుల్లో వివరం చెబుతాం. ఈ ఆరు వాక్యాల వల్ల ఏ అనుమానితుడూ తప్పించుకోడు. ఈ వాక్యాలు లేకపోవడం వల్ల కొండ కింద పిల్లల తల్లులు ఆ రాత్రులన్నీ భయపడి ఉంటారు. నేను ఈరోజు చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. ఏమిటో చెప్పలేని పరిస్థితి సంస్థలకు నిజంగానే వస్తుంది. ఏమి కాదో చెప్పలేని పరిస్థితి మాత్రం చాలా అరుదు.

ఇక మన సంగతికి వద్దాం.

బోదకాలు గురించి గోదావరి జిల్లాలవాళ్ళకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకప్పుడు మన వీధుల్లో ఆ కాళ్ళు కనిపించని రోజు ఉండేది కాదు. కేంద్ర ప్రభుత్వం ఈ జబ్బు మీద పరిశోధనకు, శిక్షణకు రాజమండ్రిలో ప్రత్యేకంగా ఒక కేంద్రం పెట్టింది. ఆ జబ్బు పురుగు పిల్లలు రక్తంలోకి పైపైకి వచ్చేది రాత్రిపూట. పగలు తీసిన రక్తంలో అవి కనిపించకపోవచ్చు. అందుకని ఆరోగ్యశాఖవాళ్ళు రాత్రి ఎనిమిది దాటాక ఇళ్ళకు వచ్చి వేలిమీద సూదితో గుచ్చి గాజుపలక మీద చుక్క తీసుకునేవారు. రాత్రిపూట చీకట్లో వచ్చి రక్తం తీసుకెళ్ళడమేమిటి? మా ఊళ్ళో లేచిన మాటలు ఇక్కడ చెప్పను, మీరు ఊహించగలరు. ఒక వీధివాళ్ళు తలుపులు తియ్యలేదు. మాస్టారు ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని ముందు తన వేలు చాపారు. చుక్క పలక మీద పరుచుకోవడం, ఎండబెట్టడం, దాని మీద నంబరు వెయ్యడం అందరికీ చూపించమని ఆ కుర్రవాణ్ణి అడిగారు. ఇది దేనికి కాదో కూడా చెప్పు బాబూ అన్నారు. అమ్మడానికి కాదు, ఎక్కించడానికి కాదు, కుటుంబ నియంత్రణకు కాదు అని ఆ కుర్రవాడు ఒక్కొక్కటీ చెప్పాడు. తలుపులు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి.

ఆ అరుగు మీద జరిగిన పని ఢిల్లీలో జరగకపోవడం వల్ల ఒక మంచి ప్రయోగశాల మూతబడిపోయింది. దీని గురించి తెలుగులో ఎక్కువ రాసినట్టు నేను చూడలేదు. అందుకని కొంచెం తీరిగ్గా చెబుతాను.

1969లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన భారత వైద్య పరిశోధన మండలి కలిసి ఢిల్లీలో దోమల జన్యు నియంత్రణ పరిశోధన విభాగాన్ని పెట్టడానికి ఒప్పందం చేసుకున్నాయి. డబ్బు అమెరికాది, పి.ఎల్.480 అనే చట్టం కింద వాళ్ళు మనకు అమ్మిన గోధుమల ఖాతాలో మన దేశంలోనే పోగుపడిన రూపాయలు. ఆలోచన చక్కటిది. మగ దోమ కుట్టదు, రక్తం తాగదు. ప్రయోగశాలలో మగ దోమలను లక్షలకొద్దీ పెంచి, వాటికి సంతానం కలగకుండా చేసి ఊళ్ళలో వదిలితే, వాటితో జతకట్టిన ఆడ దోమల గుడ్లు పొదగవు. మందు చల్లకుండానే దోమలు తగ్గుతాయి. వాళ్ళు ముందు ఎత్తుకున్న దోమ క్యూలెక్స్ జాతిది, మురుగు నీళ్ళలో పెరిగేది. మనకు బోదకాలు తెచ్చిపెట్టింది ఆ దోమే. ప్రయోగం ఫలించి ఉంటే ముందుగా ఊరట పొందేవాళ్ళలో మన గోదావరి జిల్లాలు ఉండేవి.

తరవాత వాళ్ళు ఏడిస్ ఈజిప్టై దోమను కూడా తీసుకుని, హర్యానాలో సోనేపట్ ఊరి మీద వదలడానికి సిద్ధమయ్యారు. అక్కడ ప్రశ్నలు లేచాయి. ఈ దోమ ఎల్లో ఫీవర్ మోస్తుంది. మన దేశంలో ఎల్లో ఫీవర్ లేదు. లేని జబ్బు మోసే దోమ మీద అమెరికా డబ్బుతో ఇంత పని ఎందుకు? దోమ ఎంత దూరం ఎగురుతుంది, ఎన్నాళ్ళు బతుకుతుంది అనే లెక్కలు ఎవరికి పనికొస్తాయి? 1974లో పత్రికలు ఇది జీవాయుధాల పరిశోధన కావచ్చని రాశాయి. మగ దోమలకు సంతానం లేకుండా చెయ్యడానికి వాడే థయోటెపా అనే రసాయనం గురించి, అది ఊరి బావుల్లోకి చేరుతుందా అని భయం వ్యక్తమైంది. ఈ ప్రశ్నలు వేసినవాళ్ళను అజ్ఞానులనడానికి వీల్లేదు. 1950లలో అమెరికా సైన్యం తమ జార్జియా రాష్ట్రంలో అదే జాతి దోమలను విమానాల నుంచి వదిలి, ఆయుధంగా పనికొస్తాయా అని నిజంగానే పరీక్షించింది. ఏడిస్ మన దేశంలో డెంగీ మోస్తుంది కాబట్టి దాన్ని అదుపు చెయ్యడం మనకూ అవసరమే అన్నది సరైన జవాబు. ఆ జవాబు వేళకు, గట్టిగా, హిందీలో, సోనేపట్ వీధిలో చెప్పినవాళ్ళు లేకపోయారు. 1975లో పార్లమెంటు ప్రజా పద్దుల కమిటీ ఆ విభాగాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. సోనేపట్ ప్రయోగం ఆగిపోయింది. ఆ ఏడాదే విభాగం మూతబడింది.

అక్కడి శాస్త్రవేత్తలలో చాలామంది భారతీయులు. వాళ్ళ నిజాయతీ మీద నాకు అనుమానం లేదు. అక్కడ నేర్చిన పని పూర్తిగా వృథా కాలేదు, అదే ఏడాది పాండిచ్చేరిలో వచ్చిన దోమల పరిశోధన కేంద్రానికి ఉపయోగపడింది. కానీ ఆ ప్రయోగం ఫలించేదా, లేదా అన్నది మనకు ఎప్పటికీ తెలియదు. సన్‌స్పాట్‌లో తలుపు మూసినందువల్ల ఊహలు పుట్టాయి. ఢిల్లీలో ఊహలు పుట్టినందువల్ల తలుపు మూతబడింది. రెండు చోట్లా లోపించినవి ఆ ఆరు వాక్యాలే.

ఇంకొక రకం మూత కూడా ఉంది. హైదరాబాదుకు దగ్గర్లో, రంగారెడ్డి జిల్లాలో జపాల్, రంగాపూర్ అనే రెండు ఊళ్ళ మధ్య ఉస్మానియా విశ్వవిద్యాలయం వేధశాల ఉంది. అందులో 48 అంగుళాల టెలిస్కోప్ పెట్టారు. మన దేశంలో అప్పటికి పెద్దవాటిలో అదొకటి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు శాస్త్రవేత్తలు అక్కడ గుమిగూడారు. నగరాల వీధులు మాత్రం ఖాళీ, జనం తలుపులు వేసుకుని ఇళ్ళలో కూర్చున్నారు. తరవాతి కాలంలో హైదరాబాదు పెరిగింది, రాత్రి ఆకాశం తెల్లబడింది, నిర్వహణ సన్నగిల్లింది, ఆ వేధశాల మూలపడింది. దాని గురించి ఒక్క పుకారు పుట్టలేదు. గ్రహాంతరవాసులన్నవాడు లేడు, గూఢచారులన్నవాడు లేడు. ఎందుకు ఆగింది అని అడిగినవాడూ లేడు. నాకు ఆ నిశ్శబ్దం సన్‌స్పాట్ గోల కన్నా ఎక్కువ బాధ కలిగిస్తుంది. పుకారు పుట్టిందంటే ఆ సంస్థ తమ బతుకుకు సంబంధించినదని జనం కనీసం అనుకున్నారని అర్థం.

కోనసీమలో అలా అనుకోకుండా ఉండలేం. 1995 జనవరి 8న, సంక్రాంతి ఇంకా వారం ఉందనగా, పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ గ్యాసు బావి బద్దలైంది. మంట మార్చి 15 వరకూ మండింది. రెండు నెలలకు పైగా. దగ్గరి ఊళ్ళవాళ్ళు ఇళ్ళు వదిలి వెళ్ళారు. రాత్రుళ్ళు ఆ వెలుగు చాలా దూరానికి కనిపించేది. ఆర్పడానికి అమెరికా నుంచి నిపుణులు వచ్చారు. అప్పుడు లేచిన మాటల్లో పెద్దది, లోపలి గ్యాసంతా అంటుకుని కోనసీమ మొత్తం పేలిపోతుందన్నది. మాస్టారు దాన్ని రెండు నిమిషాల్లో తేల్చారు. మంట మండాలంటే ప్రాణవాయువు కావాలి, రాతిపొరల అడుగున అది లేదు, కాబట్టి మంట బావి నోటి దగ్గరే ఉంటుంది, లోపలికి పాకదు. ఆ మాట అధికారులు మొదటి రోజే మైకులో చెప్పి ఉంటే ఎంతమంది తల్లులు నిద్రపోయేవారో.

ఇంకొక మాట ఉంది, అది రాలలేదు. గ్యాసు తీసేకొద్దీ నేల కుంగుతోందన్నది. మాస్టారు దాన్ని తేలిగ్గా తియ్యలేదు. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ అనే చోట 1959లో పెద్ద గ్యాసు నిక్షేపం దొరికింది. అక్కడ నేల కుంగింది, తరవాత చిన్న చిన్న భూకంపాలు మొదలయ్యాయి. గ్యాసుకూ భూకంపాలకూ సంబంధం లేదన్న మాటనే చాలా ఏళ్ళు ఆ జనం విన్నారు. 2012 ఆగస్టులో 3.6 తీవ్రతతో వచ్చిన భూకంపం తరవాత వాదన మారింది. 2023 అక్టోబరులో అక్కడ ఉత్పత్తి ఆపేశారు. గ్రోనింగెన్‌లో జరిగింది కాబట్టి మన దగ్గరా అదే జరుగుతోందని నేను అనడం లేదు. మన నేల వేరు. ఆనకట్టలు ఒండ్రును ఆపేస్తే డెల్టా దానంతటదే పలచబడుతుంది, సముద్రం ముందుకొస్తుంది, అంతర్వేదివాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఏ కారణం ఎంత భాగం అన్నది కొలతలు తేల్చాల్సిన విషయం. ఆ కొలతలు రైతు చేతికి తెలుగులో అందాలి.

2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో గెయిల్ గ్యాసు గొట్టం బద్దలై ఇరవైమందికి పైగా కాలిపోయారు. గ్యాసు లీకవుతోందని ముందే చెప్పామని ఊరివాళ్ళు ఆ తరవాత పత్రికల ముందు చెప్పారు. దీని మీద నేను ఎక్కువ మాట్లాడను. ఆ తరవాత ఈ ప్రాంతంలో పుట్టిన ఏ అనుమానాన్నీ వట్టి పుకారు అని పక్కకు నెట్టే హక్కు ఎవరికీ మిగల్లేదు.

మన ఊళ్ళలో తరచు జరిగేది ఇది. కొబ్బరితోట పక్కన కంచె వేస్తారు, రిగ్గు వస్తుంది, నెలల తరబడి రాత్రింబవళ్ళు లైట్లు, రొద, లారీలు. ఒక రోజు రిగ్గు విప్పుకుని వెళ్ళిపోతారు. కంచె మిగులుతుంది, మధ్యలో కవాటాల ఇనుప నిర్మాణం మిగులుతుంది. గ్యాసు పడిందా? పడక సిమెంటు పోసి మూశారా? పడినా గొట్టం వేసేదాకా ఆపారా? లోపల ఏదైనా పాడైందా? వీటిలో మూడు మామూలు కారణాలు, ఒకటి ప్రమాదం. ఏదో చెప్పే బోర్డు ఉండదు. ఉన్న బోర్డు మీద ప్రవేశం నిషిద్ధం అని ఉంటుంది. టీ కొట్టు దగ్గర నాలుగో కారణమే నిలబడుతుంది, ఎందుకంటే మనకు పాశర్లపూడి గుర్తుంది, నగరం గుర్తుంది.

ఇలా కాకుండా చెయ్యవచ్చని మన రాష్ట్రాల్లోనే ఒక సంస్థ చూపించింది. హైదరాబాదులో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ వారి బెలూన్ కేంద్రం ఉంది. వాళ్ళు 50 నుంచి 85 మీటర్ల వ్యాసం ఉన్న పలచటి పాలిథిన్ బెలూన్లలో హైడ్రోజన్ నింపి, 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు పరికరాలు పంపుతారు. అవి రంగు రంగుల పారాచూట్లతో ఎక్కడో పొలంలో దిగుతాయి. వాళ్ళు బెలూన్లు వదిలే ముందు పత్రికలకు ప్రకటన ఇస్తారు. ఏ జిల్లాల్లో పడవచ్చో చెబుతారు. ముట్టుకోవద్దు, కొన్నిటిలో విద్యుత్తు ఉండవచ్చు, ఫోను చెయ్యండి, కబురు చెప్పినవాళ్ళకు బహుమానం, ఖర్చులు ఇస్తాం అంటారు. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో పొలంలో ఒక పెద్ద గుండ్రటి వస్తువు దిగింది. జనం విరగబడి చూశారు, గ్రహాంతరవాసుల వాహనమన్న మాటా వచ్చింది. అది స్పెయిన్ దేశపు సంస్థ ఒకటి హైదరాబాదు నుంచి వదిలిన పరీక్షా బెలూన్ తాలూకు గది అని వెంటనే తేలింది. జవాబు చెప్పే మనిషి ఉన్నాడు కాబట్టి తేలింది. ఆకాశంలోంచి వింత వస్తువు పడినా పుకారు ఎక్కువకాలం నిలవలేదు.

అధికారులు ఎవరైనా ఈ సభలో ఉంటే వారికి నా విన్నపం. మీరు ఒక బావిని గానీ, ఒక ప్రయోగశాలను గానీ, ఒక కేంద్రాన్ని గానీ ఆపవలసి వచ్చినప్పుడు, కారణం చెప్పలేకపోతే అది ఏది కాదో కంచెకు తెలుగులో రాసి పెట్టండి. కింద ఒక తేదీ వెయ్యండి, ఆ తేదీకి మిగతాది చెప్పండి.

ఇక్కడున్న విద్యార్థులకు, సైన్సు ఉపాధ్యాయులకు ఇంకొక విన్నపం. మాస్టారి కాలంలో ఆఫీసుల చుట్టూ తిరగాలి. మీకు 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. నాలుగో సెక్షన్ ప్రకారం సంస్థలు అడగకుండానే చాలా విషయాలు బయటపెట్టాలి. బయటపెట్టకపోతే మీరు తెలుగులోనే అడగవచ్చు. కేంద్ర సంస్థకైతే పది రూపాయల పోస్టల్ ఆర్డరు. జవాబుకు గడువు ముప్పై రోజులు, మనిషి ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే నలభై ఎనిమిది గంటలు. దర్యాప్తుకు అడ్డం వచ్చే సమాచారం ఇవ్వక్కర్లేదని ఎనిమిదో సెక్షన్‌లో ఉంది, అది న్యాయమే. కానీ అలా ఆపిన భాగాన్ని పక్కనపెట్టి మిగతాది ఇవ్వాలని పదో సెక్షన్ చెబుతోంది.

మీ ఊరి కంచె లోపలి బావి ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, మీ మండలంలో నేల మట్టం చివరిసారి ఎప్పుడు కొలిచారు, అంతకుముందు కొలతకూ దానికీ తేడా ఎంత? ఈ మూడు ప్రశ్నలూ ఒక కాగితం మీద రాయండి. వచ్చే సోమవారం తపాలాలో వెయ్యండి. వచ్చిన జవాబు ఏదైనా సరే, పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి.